వంతెన మీద నడచువారికి చోటు

పంటకాలువకు అడ్డముగా వేసిన తాటిదుంగ కూడ వంతెనయే. దానిని దాటునది మనుష్యుని పాదమే. బండ్లు, మోటార్లు తరువాత వచ్చినవి. అయినను నేటి పెద్ద వంతెనలను చూచినచో లారీకి చోటున్నది, బస్సుకు చోటున్నది. పుస్తకాల సంచితో సైకిలు మీద బడికి పోవు బాలునికి మాత్రము అనేక వంతెనల మీద చోటు లేదు. ఇది సౌకర్యమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు; ప్రాణమునకు సంబంధించినది.

మామూలు రోడ్డు మీద పెద్ద వాహనము మీదికి వచ్చునట్లు తోచినచో మనము ప్రక్కనున్న మట్టిదారిలోనికి దిగవచ్చును. వంతెన మీద ఆ వీలు లేదు. ఒక ప్రక్క వాహనములు, రెండవ ప్రక్క పిట్టగోడ, దాని క్రింద నీరు. కనుక వంతెన మీద వాహనపు వేగమునకు, నడచువాని క్షేమమునకు గల సంబంధమును మనము లెక్క కట్టి తెలిసికొనవలెను.

గంటకు 36 కిలోమీటర్ల వేగముతో పోవు కారు సెకనుకు 10 మీటర్లు పోవును. ఎదుట మనిషిని చూచి డ్రైవరు బ్రేకు నొక్కుటకు ఒక సెకను పట్టుననుకొందము. ఆ సెకనులోనే కారు 10 మీటర్లు పోవును. బ్రేకు పడిన తరువాత ప్రతి సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగము తగ్గినచో, ఆగులోపల మరి 10 మీటర్లు పోవును. మొత్తము 20 మీటర్లు. ఇపుడు వేగమును రెట్టింపు చేసి, 72 కిలోమీటర్లు అనుకొనుడు. డ్రైవరు బ్రేకు నొక్కులోపలనే కారు 20 మీటర్లు పోవును. తరువాత ఆగుటకు 40 మీటర్లు కావలెను. అనగా మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోట రెండవ కారు వేగము ఇంకను తగ్గనే లేదు! వేగము రెట్టింపైనపుడు గతిశక్తి నాలుగు రెట్లగును. ఆ దెబ్బకు తెల్లగీత అడ్డము కాజాలదు. గట్టి అడ్డుగోడ కావలెను.

వంతెనకు మరి రెండు ప్రత్యేకతలు కలవు. మొదటిది గాలి. నది మీద ఇండ్లు, చెట్లు అడ్డముండవు. గాలి వేగము రెట్టింపైనచో అది త్రోయు బలము నాలుగు రెట్లగును. ప్రక్కగాలి తాకగానే సైకిలు కొంచెము ప్రక్కకు ఒరుగును. మనిషి వెడల్పునకు సరిపోవు బాట సైకిలుకు చాలకపోవుట ఇందువలననే. రెండవది అతుకులు. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కినచో తన పొడవులో 10 లక్షల భాగములకు 12 భాగములు పెరుగును. 300 మీటర్ల ఉక్కు వంతెన 30 డిగ్రీల మార్పునకు సుమారు 11 సెంటీమీటర్లు పెరుగును. దీనికై విడిచిన సందులలో కొన్ని దువ్వెన పళ్లవలె, దారి పొడవునకే ఉండును. లారీ చక్రము వానిని లెక్కచేయదు; సైకిలు చక్రము అందులో చిక్కుకొనును. వానిపై రేకు కప్పుట చిన్న పని, కాని దానిని తలచుకొనువారుండవలెను.

ఈ విషయమును పూర్వమే తలచుకొన్న వంతెన ఒకటి అమెరికాలో కలదు. న్యూయార్కు నగరమున బ్రూక్లిన్ వంతెనకు రూపకల్పన చేసిన జాన్ రోబ్లింగ్, నడచువారికై వాహన మార్గమునకు పైయెత్తున, నడుమ ఒక ప్రత్యేకమైన బాటను ఏర్పరచెను. 1883 మే 24న వంతెనను తెరచిరి. ఆ మొదటి దినమున 1,50,300 మంది మనుష్యులును, 1,800 వాహనములును దానిని దాటినట్లు లెక్కలు చెప్పుచున్నవి. కాని ఆరు దినములకే, ఇరుకైన మెట్ల వద్ద జనము క్రిక్కిరిసి, తొక్కిసలాటలో 12 మంది మరణించిరి. బాట ఉండుట మాత్రమే చాలదు, అది జనమునకు తగినంత వెడల్పుగా ఉండవలెనని ఆ దుర్ఘటన చాటినది.

తరువాతి కాలమున పాదచారులు, సైకిళ్లవారు అదే బాటను ఒక గీతతో పంచుకొని ఇబ్బంది పడిరి. 2021 సెప్టెంబరులో నగరపాలకులు కార్లు పోవు వరుసలలో ఒకదానిని తీసికొని, అడ్డుగోడ కట్టి, సైకిళ్లకు ఇచ్చిరి. పై బాట నడచువారికే మిగిలినది.

శాన్‌ఫ్రాన్సిస్కో, ఓక్లండు నగరముల నడుమ 1936లో తెరచిన వంతెన కథ వేరు. దానికి కాలిబాటయే లేదు. 1989 భూకంపములో తూర్పు భాగము దెబ్బతినగా, దానికి బదులు కట్టి 2013లో తెరచిన భాగమునకు బాటను చేర్చిరి. 2016లో ఆ బాట నడుమనున్న దీవిని చేరినది. పడమటి భాగము వ్రేలాడు వంతెన. దానికి బాట లేదు. కట్టిన తరువాత బాటను తగిలించినచో ఆ అదనపు బరువును తీగలు మోయవలెను, గాలి తాకిడియు మారును. అందువలన బాటను మొదటి పటములోనే గీయుట మేలు.

బాటకు చోటిచ్చినచో వాహనములు నిలిచిపోవునని కొందరందురు. కాని ఒక కారు నిలుచు చోట ఐదారు సైకిళ్లు నిలుచును. సైకిలు మీద పోవువాడు కారులో పోవువాని దారికి అడ్డము కాదు. అతనికి చోటు విడిచినవాడే.

ఉపాధ్యాయులకు ఒక సూచన. మీ ఊరికి దగ్గరనున్న వంతెన కాలిబాటను తరగతిలోనే లెక్కకు తీసికొనుడు. ఇంజనీర్లు ప్రచురించిన కొలతల నుండి బాట వెడల్పును, అడ్డుగోడ ఉన్నదీ లేనిదీ తెలిసికొనుడు. బడివేళకు ఆ వంతెన దాటి వచ్చు విద్యార్థులెందరో, వారిలో నడచువారెందరో, సైకిళ్లవారెందరో తరగతిలోనే అడిగి వ్రాయించుడు. ఆ పట్టికను పంచాయతీకో, పురపాలక సంఘమునకో పంపుడు. కోరిక ఒక్కటే ఉన్నచో కాగితము బల్లమీద ఉండిపోవచ్చును. కొలత తోడైన కోరికను త్రోసివేయుట కష్టము.