ఫోన్‌లో చదివితే కళ్లెందుకు మండుతాయి?

ఫోన్‌లో కథ చదువుతూ కూర్చుంటారు. అరగంట గడిచేసరికి కళ్లు మండుతాయి. అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ఎందుకలా?

మొదటి కారణం రెప్పలు. మామూలుగా మనం నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాం. వేసిన ప్రతిసారీ కంటి మీద పల్చని కన్నీటి పొర పరుచుకుంటుంది. తెరను తదేకంగా చూస్తుంటే రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది. దాంతో ఆ పొర ఆరిపోయి మంట పుడుతుంది.

రెండో కారణం కండరం. కంట్లోని కటకం చుట్టూ ఓ చిన్న కండరం ఉంటుంది. దూరంగా ఉన్నవి చూసేటప్పుడు అది వదులుగా ఉంటుంది, దగ్గరివి చూసేటప్పుడు బిగుసుకుంటుంది. నీళ్ల బకెట్‌ను దించకుండా పట్టుకుంటే చెయ్యి లాగేస్తుంది కదా! ఫోన్‌ను చాలాసేపు దగ్గరగా చూస్తుంటే కంట్లోని ఆ కండరానికీ అలాగే అలసట వస్తుంది.

మరి ఎలా కాపాడుకోవాలి? 20 నిమిషాలకోసారి తలెత్తి, 20 అడుగుల దూరంలో ఉన్న చెట్టునో గోడనో 20 సెకన్లు చూడండి. మధ్యమధ్యలో గుర్తుచేసుకుని రెప్పలు ఆర్పండి. ఫోన్‌ను ముఖానికి అడుగున్నర దూరంలో పట్టుకోండి. ‘లక్ష్మి’ అనే మాటలో ఒత్తులు, గుడి విడివిడిగా కనిపించేంతగా అక్షరాల సైజు పెంచండి. చీకట్లో చదవొద్దు. గదిలో లైటు వేసుకుని, తెర వెలుగును దానికి తగ్గట్టు సరిచేసుకోండి.

అప్పటికీ తలనొప్పి, మసక తగ్గకపోతే దాచుకోకండి. వెంటనే అమ్మకో నాన్నకో చెప్పి, కంటి డాక్టరుకు చూపించుకోండి.