తేనె టన్నులు పెరిగాయి... కిలో ధర తగ్గింది

పొద్దుతిరుగుడు చేల గట్ల మీద, తోటల్లో వరసగా పెట్టెలు పెట్టి తేనె తీసేవాళ్లను మీరు చూసే ఉంటారు. చూసిన రైతుకు 'మనమూ ఓ యాభై పెట్టెలు పెడితే పోలా' అనిపించటం సహజమే. తప్పేమీ లేదు. అయితే అప్పు చేసి పెట్టెలు కొనే ముందు దేశంలో తేనె సంగతి ఎలా నడుస్తోందో ఓసారి లెక్క చూసుకోండి.

ప్రభుత్వ లెక్కల ప్రకారం 2013-14లో దేశంలో 76,150 టన్నుల తేనె వచ్చింది. 2019-20 నాటికి అది 1.20 లక్షల టన్నులయింది. 2022-23లో 1.42 లక్షలు. తొమ్మిదేళ్లలో రెట్టింపుకు కాస్త తక్కువ. ఇంత వేగంగా పెరిగిన పంటలు మనకు ఎన్నో లేవు.

మరి ఆ తేనె ఎవరు తింటున్నారు? 1.42 లక్షల టన్నులను 142 కోట్ల జనానికి పంచితే తలకు ఏడాదికి వంద గ్రాములు. అందులో ఆ ఏడాది దాదాపు 80 వేల టన్నులు విదేశాలకు పోయింది. మిగిలింది తలకు 44 గ్రాములు, అంటే చిన్న చెంచాతో ఆరేడు చెంచాలు. జర్మనీలో మనిషి ఏడాదికి కిలో దాకా తింటాడు. మన ఇళ్లలో తేనె ఇంకా మందే గానీ తిండి కాలేదు. దగ్గొస్తే అల్లంరసంలో, పూజకు పంచామృతంలో... అంతటితో సరి.

ఉత్తరాదికి తరలిన తేనె

పూర్వం మనకు తేనె అంటే అడవిదే. కొండ తేనె, పుట్ట తేనె, జుంటి తేనె. మన ఏజెన్సీలో గిరిజనులు తెచ్చే తేనెను గిరిజన సహకార సంస్థ నేటికీ కొని అమ్ముతోంది. పెట్టెల్లో పెంచే పుట్ట తేనెటీగ కేరళ, తమిళనాడు, కర్ణాటకల్లో బాగా ఉండేది. 1991-92లో థాయి శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు వచ్చింది. పిల్ల పురుగులు నీటి సంచుల్లా ఉబ్బి చనిపోయాయి. చాలా ఊళ్లలో పెట్టెలు పెట్టెలే ఖాళీ అయ్యాయి.

ఉత్తరాదిలో కథ వేరు. 1960ల మొదట్లో ఇప్పటి హిమాచల్‌లోని నగ్రోటా దగ్గర డాక్టర్ అత్వాల్ అనే శాస్త్రవేత్త ఇటాలియన్ ఈగను మన వాతావరణానికి అలవాటు చేశారు. పుట్ట ఈగ పెట్టెకు ఏడాదికి అయిదు నుంచి పది కిలోలిస్తే, ఈ ఈగ పూతను వెంబడించి తిప్పితే ముప్ఫై కిలోలు, ఆ పైన కూడా ఇస్తుంది. ఆవ పూతకు రాజస్థాన్, లిచీ పూతకు బీహార్... రాత్రికి రాత్రి లారీలకెత్తి పెట్టెలు మారుస్తారు. నేడు తేనెలో ముందున్నవి ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్, పంజాబ్, బీహార్, రాజస్థాన్‌లే.

ఇక్కడే మన రైతు ఆగి ఆలోచించాలి. ఒక ఊళ్లో ఏడాది పొడుగునా పూత ఉండదు. పూత లేని రోజుల్లో ఈగలకు పంచదార పాకం పొయ్యాలి, లేదా లారీ కిరాయి పెట్టుకుని మరో చోటికి పోవాలి. యాభై పెట్టెలంటే ఈ ఖర్చు తప్పదు. రెండెకరాల రైతు పొలం వదిలి పెట్టెల వెంట తిరగగలడా?

ఎగుమతి పెరిగినా...

2022-23లో ఎగుమతి అయిన 80 వేల టన్నులకు 20 కోట్ల 30 లక్షల డాలర్లు వచ్చాయి. మరుసటి ఏడాది సరుకు 1.07 లక్షల టన్నులకు పెరిగింది. డబ్బు మాత్రం 17 కోట్ల 75 లక్షల డాలర్లకు తగ్గింది! మన రూపాయల్లో కిలో సుమారు 200 నుంచి 136కు దిగింది. ఇది ఓడ ఎక్కే ధర. శుద్ధి చేసేవాడు, దళారి తమ వాటా తీసుకోగా పెంపకందారుకు ముట్టేది ఇంకా తక్కువ. అందుకే 2024 మార్చిలో కేంద్రం టన్నుకు 2,000 డాలర్లకు తక్కువగా ఎగుమతి చెయ్యరాదని కట్టడి పెట్టింది. మనం ఎక్కువగా అమ్మేది అమెరికాకు. ఆ ఒక్క గుమ్మం మూసుకుంటే ఇక్కడ ధర పడిపోతుంది.

రెండో దెబ్బ కల్తీది. 2020 డిసెంబరులో ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రం 13 కంపెనీల తేనెను జర్మనీలో పరీక్ష చేయిస్తే 10 కంపెనీలవి నిలవలేదు. చెరకు పంచదార కలిపితే మామూలు పరీక్షకు దొరుకుతుంది. బియ్యం నుంచి తీసే పాకం, పరీక్షకు దొరక్కుండా తయారుచేసే పాకాలు సులభంగా దొరకవు. అవి తేనె కంటే చవక. ఆ ధరతో మీ అసలు తేనె ఎలా పోటీ పడుతుంది?

నీళ్లలో వేసి చూడటం, వత్తి ముంచి వెలిగించటం, చీమలు పట్టాయా అని చూడటం... ఇవేవీ నమ్మదగ్గవి కావు. తేనె గడ్డకడితే కల్తీ అనుకోవటం అంతకంటే పొరపాటు. పొద్దుతిరుగుడు తేనె, ఆవ తేనె త్వరగా పేరుకుంటాయి. సీసాను గోరువెచ్చని నీళ్లలో నిలబెడితే కరుగుతుంది. పొయ్యి మీద మాత్రం పెట్టకండి.

మనకు ఎంతవరకు గిట్టుతుంది?

నాలుగైదు పెట్టెలు. అంతకు మించి మొదట్లో వద్దని నా అభిప్రాయం. ముందు దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో శిక్షణ తీసుకోండి. చుట్టూ వేప, కానుగ, చింత, కుంకుడు, కొబ్బరి, నువ్వు ఉన్న ఊరైతే ఈగలకు మేత దొరుకుతుంది. అసలు లాభం తేనెలో కంటే చేలో కనిపిస్తుంది. పొద్దుతిరుగుడులో ఈగలు తిరిగితే తాలు గింజలు తగ్గుతాయి. ఎకరాకు రెండు పెట్టెలు చాలు. బీర, దోస, గుమ్మడి పాదుల్లో పిందె నిలవాలన్నా ఈగ రావలసిందే. బయటివాళ్లు మీ చేలో పెట్టెలు పెడతామంటే తరిమెయ్యకండి. పూత మీద మందు కొట్టవద్దు. తప్పనిసరైతే సాయంత్రం పొద్దువాలాక, పెట్టెలవాళ్లకు ముందే చెప్పి కొట్టండి.

పట్టులో గదులు ముప్పాతిక వంతు మైనం మూత పడ్డాకే తేనె తియ్యాలి. తొందరపడితే నీరు ఎక్కువై పులుస్తుంది. నీరు 20 శాతం మించితే ప్రమాణాల ప్రకారం అది అమ్మకానికి పనికిరాదు. పట్టును చేత్తో పిండకుండా యంత్రంతో తీస్తే తేనె శుభ్రంగా ఉంటుంది, పట్టు మళ్లీ పనికొస్తుంది. ఆ సరుకు దళారికి డబ్బాల్లో పొయ్యకుండా సీసాల్లో పట్టి, ఏ పూత తేనో చీటీ రాసి, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించుకుని దగ్గరి పట్నంలోనే అమ్ముకోండి. తెలిసినవాడి దగ్గర కొన్నామన్న నమ్మకానికి జనం నాలుగు రూపాయలు ఎక్కువే ఇస్తారు.

ముందుగా మీ ఇంట్లో పిల్లలకు పెట్టండి. రొట్టెలోకి, అటుకుల్లోకి బెల్లం బదులు వాడుకోవచ్చు. అయితే ఏడాది నిండని బిడ్డకు మాత్రం తేనె నాకించకూడదు. పుట్టగానే తేనె చుక్క వేసే ఆచారం మన ఊళ్లలో ఉంది గానీ, తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు పసికందు పేగుల్లో విషం పుట్టించవచ్చు. ఎంత స్వచ్ఛమైన తేనె అయినా సరే.