ఇంటి జాగా, ఇరుగు పొరుగు, పంచాయతీ

నిజామాబాదు పట్టణమునుండి బోధనుకు పోవు మార్గము సుమారు 25 కిలోమీటర్లు. జానకంపేట, ఎడపల్లి దాటి పోవునప్పుడు ఇరువైపుల వరిమడులును, అక్కడక్కడ చెరకు, పసుపు చేలును కన్పించును. వాని నడుమ ఇటీవలి కాలమున సున్నము పూసిన హద్దురాళ్లు కూడ వరుసలుగా కన్పించుచున్నవి. ప్రతి వరుసకును ఒక రంగుల బోర్డు, దానిపై ఒక కాలనీ పేరు, క్రింద ఒక ఫోను నెంబరు. నిన్నటి వరకు నీరు పారిన చేను నేడు గజముల లెక్కన అమ్ముడగుచున్నది. కొనువారు పట్టణవాసులు మాత్రమే కారు. గల్ఫు దేశములలో పనిచేయుచు ఇంటికి డబ్బు పంపువారు, పదవీ విరమణ పొందిన ఉద్యోగులు, పిల్లల చదువుకై ఊరు విడిచి వచ్చు రైతులు, అందరును ఇందున్నారు.

ఈ విషయమును గూర్చి తెలిసికొనవలెనని మేము నిజామాబాదులో చాలకాలముగా ఇండ్లు, ఇంటి స్థలములు ఇప్పించుచున్న ఒక ఏజెంటుతో మాటలాడితిమి. తమ పేరు వ్రాయవద్దని ఆయన కోరినారు. కొనువారు ముందుగా ఏమి అడుగుదురని ప్రశ్నింపగా ఆయన నవ్వి, వ్రేళ్లు మడచి లెక్కించినారు: తూర్పు ముఖమా, ఉత్తర ముఖమా? గజము ఎంత? బస్టాండు ఎంత దూరము? రేపు అమ్మిన ఎంత వచ్చును? ఇంతటితో ప్రశ్నలు ముగియునట. "జాగ చూస్తరు గాని బాట చూడరు సార్. బాట చూసినా అది ఎవరి పేర ఉన్నదో అడగరు" అని ఆయన అన్నారు. ఈ ఒక్క మాటను విడమరచి చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ఏలయన, ఆ బాట ఎవరి పేర ఉన్నదో చెప్పగలిగినది ముఖ్యముగా గ్రామ పంచాయతీయే.

ఈ ప్రాంతములో ఇల్లు 'కొనుట' అనునది ఒకప్పుడు అంతగా లేదు. మంజీరానదిపై 1923లో ప్రారంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు క్రింద నీరు పారిన పిమ్మట, కోస్తా జిల్లాల రైతులు కుటుంబములతో వచ్చి భూములు కొని స్థిరపడిరి. వారి నివాసములకు 'క్యాంపు'లని పేరు వచ్చినది. ఆ పేరు నేటికిని నిలిచియున్నది. పది కుటుంబములు ఒకచోట చేరి, బడికి ఇంత, గుడికి ఇంత అని విడిచి, మిగిలినదానిలో ఇండ్లు కట్టుకొనుట వారి పద్ధతి. ఇరుగుపొరుగు ముందు, ఇల్లు తరువాత. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. అది ఒకప్పుడు ఆసియా ఖండములోనే పెద్దదిగా పేరుపొందినది. శక్కర్‌నగర్‌లో కార్మికులకును ఉద్యోగులకును క్వార్టర్లు ఏర్పడినవి. అందు నివసించిన వారికి రోడ్డు ఎవరిది, మురుగునీరు ఎటు పోవును, పిల్లలు ఎచట ఆడుకొందురు అను చింత లేకుండెను. అది కర్మాగారము చూచుకొను పని. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడినది. నలుబది ఏండ్లు క్వార్టరులో గడపినవారు జీవితములో మొదటిసారిగా ఇంటి జాగాకై వెదకవలసి వచ్చినది. ఈ విషయమున వారికి అనుభవము లేదు. చేతిలో ఉన్నది ఆఖరు సొమ్ము.

అట్టి ఒక కార్మికుని సంగతి ఆ ఏజెంటు మాకు చెప్పినారు. అది తాము కుదిర్చిన బేరము కాదని కూడ చెప్పినారు. ఆ పెద్దమనిషి తనకు వచ్చిన మొత్తముతో ఒక గ్రామశివారులో 150 గజముల ప్లాటు కొనినాడు. పటములో దాని ముందు ఇరువది అడుగుల రోడ్డున్నది. ఇల్లు మొదలుపెట్టగానే ప్రక్క చేని రైతు వచ్చి, ఆ రోడ్డు తన పట్టాలోనిదని పాసుపుస్తకము చూపినాడు. ఇటుకల బండి పోవుటకు దారి లేకపోయినది. ఇంతకును ఆయన ఏమి చూచి కొనినాడు? అంతకుముందే అచట మూడు ఇండ్లు లేచియున్నవి. వానికి పంచాయతీ ఇంటి నెంబర్లు వేసినది, పన్ను రసీదులు ఇచ్చినది. అమ్మినవాడు ఆ రసీదులనే చూపి, "పంచాయతీయే ఒప్పుకొన్నది, ఇంక సందేహమేల?" అన్నాడట. పంచాయతీ ఎవరిని మోసగించలేదు. ఇల్లు కనబడినది, పన్ను వేసినది. కాని ఆ చిన్న కాగితమును నమ్మి ఒక కుటుంబము ఆఖరు సొమ్ము పెట్టినది. తన చేతి రసీదు అంగడిలో ఎట్లు చెలామణి అగుచున్నదో పంచాయతీ సభ్యులు తెలిసికొనక తప్పదు.

కావున కాగితములలో దేని విలువ ఎంతయో వివరింతుము. పన్ను రసీదు, ఇంటి నెంబరు అనునవి పన్ను చెల్లించినారనుటకు మాత్రమే సాక్ష్యము. అవి యాజమాన్యమును ఇయ్యవు, అనుమతిని ఇయ్యవు. ఈ మాటను రసీదుపై స్పష్టముగా ముద్రించుట మేలు. బయానా ఇచ్చి వ్రాసికొను ఒప్పందముచేత ఆస్తి చేతులు మారదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 54వ సెక్షను ఈ సంగతిని స్పష్టముగా చెప్పుచున్నది. నూరు రూపాయలు, అంతకు పైబడిన విలువగల స్థిరాస్తి విక్రయము 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము రిజిస్టరు కావలసినదే. తెల్లకాగితముపై వ్రాసికొను సాదా బైనామా మన జిల్లాలో పాత అలవాటు. దానివలన ఏర్పడిన చిక్కులు ఎన్నియో మీకందరకు తెలియును.

అయితే రిజిస్ట్రేషను జరిగినంత మాత్రమున అంతయు సక్రమమనుకొనుట మరియొక పొరపాటు. చదువుకొన్నవారిలో ఇది మరింత ఎక్కువ. రిజిస్ట్రారు దస్తావేజును నమోదు చేయును. అమ్మినవానికి నిజముగా హక్కున్నదని పూచీపడడు. ఆ హక్కును కొనువాడే చూచుకొనవలెను: లింకు దస్తావేజులు, ఈసీ, భూమి వ్యవసాయేతరముగ మారినట్లు నాలా ఉత్తర్వు, లేఅవుటు అనుమతి. లావుణి పట్టా భూమియైనచో 1977 నాటి అసైన్డు భూముల చట్టము ప్రకారము దానిని అమ్ముటకు వీలులేదు. కొనినను ప్రభుత్వము తిరిగి తీసికొనవచ్చును. చెరువు శిఖము సంగతి చెప్పనక్కరలేదు. నాలుగేండ్లు వానలు లేనప్పుడు అది మంచి చదునైన జాగావలె కన్పించును. ఐదవ ఏట చెరువు తన చోటికి తాను వచ్చును.

అనుమతి గల లేఅవుటులో గజము ధర ఎక్కువ, లేనిదానిలో తక్కువ. ఈ తేడా ఎచటనుండి వచ్చినది? ఒక ఎకరము 40 గుంటలు, గుంట 121 గజములు. వెరసి 4,840 గజములు. నిబంధనల ప్రకారము పదవవంతు, అనగా 484 గజములు, అందరి ఉపయోగమునకై ఖాళీగా విడువవలెను. తగిన వెడల్పుగల రోడ్లకు మూడు పాళ్లలో ఒక పాలు వరకు పోవచ్చును. ఉదాహరణకు నూటికి ముప్పదివంతులు పోయెననుకొనిన, అమ్ముటకు మిగులునది సుమారు 2,900 గజములు. అనుమతి లేనివాడు ఖాళీస్థలము విడువడు, రోడ్డును సగము చేయును. అతనికి సుమారు 4,100 గజములు మిగులును. తేడా 1,200 గజములు, అనగా 200 గజముల ప్లాట్లు ఆరు. ఆ ఆరు ప్లాట్లు పిల్లల ఆటస్థలము, బతుకమ్మ ఆడు చోటు, గణపతి పందిరి, పెండ్లి షామియానా, అంబులెన్సు తిరుగు మలుపు. చవుకగా దొరికినదని సంతోషించిన కుటుంబము ఈ ఆరింటిని తన చేతులతోనే అమ్మకానికి విడిచినదన్నమాట.

మరియొక నష్టము కొనువారికి కాక ఊరికి కలుగును. నిజాంసాగరు ఆయకట్టులోని చేలకు పిల్లకాలువలు గలవు. చేనును చదును చేసి ప్లాట్లు వేయునప్పుడు ముందుగా పూడునవి అవియే. అమ్మినవాని చేనికి నీరు అక్కరలేదు. కాని క్రింది రైతు మడికి ఆ కాలువయే దిక్కు. లేఅవుటు పటము పంచాయతీకి వచ్చినప్పుడు సభ్యులు స్వయముగా పోయి కాలువను చూడవలెను. కార్యాలయములో కూర్చుండి పటము చూచిన కాలువ కన్పించదు.

కొన్నవారు తరువాత క్రమబద్ధము చేయించుకొనవచ్చును గదా యని కొందరందురు. 2020 ఆగస్టు 31న తెలంగాణ ప్రభుత్వము లేఅవుట్ల క్రమబద్ధీకరణకు ఉత్తర్వులిచ్చినది. 2025లో రుసుములో నూటికి 25 వంతులు రాయితీ కూడ ప్రకటించినది. అయితే ఆ పథకము 2020 ఆగస్టు 26 నాటికి రిజిస్టరైన ప్లాట్లకు ఉద్దేశింపబడినది గాని, రేపు వేయబోవు అక్రమ లేఅవుట్లకు హామీ కాదు. అంతేకాదు: విడువని ఖాళీస్థలమునకు బదులుగా ప్లాటు విలువలో నూటికి 14 వంతులు చెల్లింపవలెనని అందు నిర్ణయింపబడినది. అనగా తాను ఏనాడును చూడని పార్కునకు కొనినవాడు డబ్బు కట్టును. పార్కు మాత్రము రాదు.

ఏజెంట్లను గూర్చి ఒక మాట. వారిని దళారులని తేలికగా మాటలాడుట మనకు అలవాటు. మేము చూచినంతలో, మంచి ఏజెంటు కొనువానికి ఎంతో శ్రమ తప్పించును. ఆ కమీషను అతనికి న్యాయమైనదే. 2016 నాటి రెరా చట్టము ప్రకారము 500 చదరపు మీటర్లకు మించిన స్థలములో గాని, ఎనిమిదికి మించిన ఇండ్లతో గాని తలపెట్టిన పథకము ముందుగా రిజిస్టరు కావలెను. అటుపిమ్మటనే ప్రకటన చేయవలెను. అట్టి పథకములలో అమ్మకములు కుదుర్చు ఏజెంటు కూడ రిజిస్టరు కావలెను. వ్రాతపూర్వకమైన, రిజిస్టరైన ఒప్పందము లేకుండ ధరలో పదవవంతుకు మించి ముందుగా తీసికొనరాదు. రంగుల బోర్డుపై ఆ నెంబరు లేకున్నచో పంచాయతీ అడుగవచ్చును. అడుగుటకు ఖర్చు లేదు.

మా ఏజెంటుకు గల్ఫు కుటుంబముల బేరములు ఎక్కువ. కొడుకు దుబాయిలో, తండ్రి పల్లెలో, కోడలు నిజామాబాదులో పిల్లల చదువుకై అద్దె ఇంటిలో. ప్లాటును ఫోనులో వీడియో తీసి పంపినచో కొడుకు సరేయనును. "ఇల్లు కట్టినంక ఆ బిడ్డ ఒక్కతే ఉండాలె సార్. పక్కింట్ల ఎవరున్నరు, రాత్రి లైటు ఉంటదా, పిలిస్తే పలికేటోళ్లున్నరా అని నేనే అడుగుత" అని ఆయన చెప్పినారు. సగము ఖాళీ ప్లాట్లతో, ముండ్లచెట్లతో ఉన్న కాలనీలో ఇల్లు ఎంత పెద్దదైనను నివసించుట కష్టము. చుట్టును జనము చేరిన పాత వాడలో నూరు గజముల ఇల్లయినను మేలని ఆయన అభిప్రాయము. అమ్మువాని నోట ఈ మాట వినుట మాకు ఆశ్చర్యము కలిగించినది.

పంచాయతీ ఆదాయమును కూడ తలచుకొందము. 2021 జూలైలో నిర్ణయించిన రేట్ల ప్రకారము విక్రయముపై నూటికి ఏడున్నర రూపాయలు చెల్లింపవలెను. అందులో ఒకటిన్నర బదిలీ సుంకము. అది స్థానిక సంస్థలకు ఉద్దేశింపబడినది. పది లక్షల ప్లాటుపై అది 15,000 రూపాయలు. తెల్లకాగితముపై జరిగిన అమ్మకమువలన ఈ సొమ్ము రాదు. కాని ఆ ప్లాటులోని ఇంటికి వీధిదీపము, మంచినీరు, మురుగుకాలువ మాత్రము పంచాయతీయే ఇయ్యవలెను.

2018 నాటి పంచాయతీరాజ్ చట్టము అనుమతిలేని లేఅవుట్లను అరికట్టు బాధ్యతను గ్రామ పంచాయతీపై ఉంచినది. సక్రమమైన లేఅవుటులో రోడ్లును ఖాళీస్థలమును పంచాయతీ పరము కావలెను. ఆ దానపత్రము రిజిస్టరైనదా, దాని నకలు కార్యాలయములో ఉన్నదా, స్థలమునకు హద్దులు, బోర్డు ఉన్నవా అని ప్రతి సభ్యుడును అడుగవలెను. పటములో 'పార్కు' అని ఉండి, పదేండ్ల తరువాత చిన్న ప్లాటుగా మారి అమ్ముడగుట వినని సంగతి కాదు. కాగితము లేని స్థలమును కాపాడుట తరువాత వచ్చు పాలకవర్గమునకు సాధ్యము కాదు.

మేము సెలవు తీసికొనునప్పుడు ఆ ఏజెంటు తాము తిరుగు గ్రామములలో ఒకదానిని గూర్చి చెప్పినారు. అచటి కార్యదర్శి పంచాయతీ కార్యాలయపు గోడకు ఊరి పటమొకటి అతికించినారట. అనుమతి గల లేఅవుట్లు పచ్చరంగు, లేనివి ఎఱ్ఱరంగు, పంచాయతీ రోడ్లు, కాలువలు, ఖాళీస్థలములు నీలిరంగు. సర్వే నెంబర్లు పెద్ద అక్షరములతో వ్రాసియున్నవి. మొదట అది చూచి ఏజెంట్లు సణుగుకొనిరట, ఈయనతో సహా. ఇప్పుడు బయానా ముట్టకముందే తమ కొనుగోలుదారులను తామే ఆ గోడ వద్దకు పంపుచున్నారు. కమీషను రెండు రోజులు ఆలస్యమైనను, తరువాత తగవునకు పిలుపు రాదని ఆయన లెక్క.