మిర్చి చలిగదిలో గాలి ఎవరికి?

గుంటూరు పరిసరాల్లో మిర్చి నిల్వచేసే కోల్డ్ స్టోరేజీ తలుపు తీస్తే చలికన్నా ముందు ఘాటు తగులుతుంది, వెనకే దగ్గు. ధర నచ్చని రైతూ, పెరుగుతుందని ఆశపడ్డ వ్యాపారీ టిక్కీలను (మిర్చి బస్తాలను) అక్కడికి తోలతారు. బయట ఎండలకు రంగు వెలిసే కాయ, 4 నుంచి 8 డిగ్రీల చలిలో నెలల తరబడి ఎర్రగానే ఉంటుంది.

లోపలి గాలి బాగుండాలంటే తలుపు తీయాలి, కరెంటు బిల్లు తగ్గాలంటే మూయాలి. ఈ పేచీ తీరాలంటే గాలి ఎవరికి కావాలో ముందు తేల్చుకోవాలి. బంగాళాదుంప తవ్వి తీశాక కూడా శ్వాసిస్తుంది, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అందుకే దుంపల గదికి కొత్త గాలి తప్పదు. తేమ 10, 11 శాతానికి దిగేదాకా కళ్లంలో ఎండిన మిరపకాయకు ఆ అవసరం దాదాపు లేదు. గాలి కావలసింది హమాలీకి. అతను లోపల ఉండేది సరుకు ఎక్కించి దించే వేళల్లోనే.

మే నెల మధ్యాహ్నం తలుపు బార్లా తీస్తే వేడితోపాటు తేమా లోపలికొస్తుంది. అది గదిని చల్లబరిచే కాయిల్స్ మీద మంచుగా పేరుకుని దుప్పటిలా కప్పేస్తుంది. చలి గదికి అందదు, ఫ్యాను గాలి దూరదు, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. తేమ గోతాలకు పడితే బూజు. బూజుతో అఫ్లటాక్సిన్ పుడితే ఎగుమతి సరుకు వెనక్కి రావచ్చు.

కాబట్టి తలుపుకు ప్లాస్టిక్ పట్టీల తెర, దాని ముందు ఓ చిన్న గది, ఒక తలుపు మూశాకే రెండోది తీసే పద్ధతి ఉండాలి. గోతాం దబ్బున పడి కారం దుమ్ము లేచే చోటే దాన్ని లాగేసే ఫ్యాను పెడితే, గది గాలంతా మార్చి మళ్లీ చల్లబరచే ఖర్చు తప్పుతుంది. తువ్వాలు సన్నటి ధూళిని ఆపదు, ఎన్95 మాస్కు ఆపుతుంది. కరెంటు బిల్లు ముందు దాని ఖరీదెంత! పని లేని వేళ గదిలో గాలి తిప్పే ఫ్యాన్ల వేగం 80 శాతానికి తగ్గిస్తే అవి వాడే కరెంటు దాదాపు సగమవుతుంది. అవసరం తగ్గితే గాలీ తగ్గాలన్న ఇదే సూత్రం కొన్ని పెద్ద విమానాశ్రయాల టెర్మినళ్లలోనూ ఉంది. జనం వదిలే కార్బన్ డయాక్సైడును సెన్సర్లు కొలిచి, రద్దీ తగ్గితే బయటి గాలిని తగ్గిస్తాయి.

కంప్రెసర్ గదిలో మాత్రం ఈ పొదుపు పనికిరాదు. అక్కడ ఉండేది చలి పుట్టించే అమోనియా. పది గంటల వరకు ఉండే పనిదినంలో అది పది లక్షల వంతుల గాలిలో సగటున 25 వంతులు మించకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫార్సు. రోజూ ఆ వాసనలోనే తిరిగే ఆపరేటరు ముక్కు దానికి అలవాటుపడిపోతుంది. అందుకే అక్కడ లీకును పసిగట్టే అలారమూ, గాలిని బయటికి తోసే ఫ్యానూ రెండూ ఉండి తీరాలి.