ఇంటి కంప్యూటర్‌కు రక్షణ అమరికలు

లక్ష్యాలు
ఈ భాగం చదివిన తరువాత మీరు:
• అప్‌డేట్ల అవసరాన్ని వివరించగలుగుతారు.
• విండోస్ కంప్యూటర్‌లో ముఖ్యమైన రక్షణ అమరికలను స్వయంగా చేసుకోగలుగుతారు.

1. పరిచయం
2017 మే 12న ‘వానాక్రై’ అనే హానికర ప్రోగ్రాం వ్యాపించింది. కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో చెల్లించమంది. దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. మన రాష్ట్రంలో విశాఖపట్నం, చిత్తూరు, గుంటూరు మొదలైన జిల్లాల్లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. నర్సీపట్నం అప్పుడు విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది.

ఈ ప్రోగ్రాం వాడుకున్న లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. అయితే మద్దతు ముగిసిన ఎక్స్‌పీ వంటి పాత విండోస్‌లకు అది అప్పుడు అందలేదు. నష్టపోయినవారిలో చాలామంది, మందు చేతికొచ్చినా వేసుకోనివారే.

2. చేయవలసిన అమరికలు

2.1 అప్‌డేట్లు: సెట్టింగ్స్‌లో ‘విండోస్ అప్‌డేట్’ తెరవండి. ‘పాజ్’ చేసి ఉంటే తీసివేయండి. ఫోన్ హాట్‌స్పాట్‌ను ‘మీటర్డ్ కనెక్షన్’గా పెట్టుకుంటే కొన్ని అప్‌డేట్లు వాటంతటవి దిగవు. కాబట్టి డేటా మిగిలిన రోజున మీరే ‘చెక్ ఫర్ అప్‌డేట్స్’ నొక్కండి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. వీలైతే విండోస్ 11కు మారండి.

2.2 యూజర్ ఖాతా: రోజువారీ పనికి ‘స్టాండర్డ్ యూజర్’ ఖాతా వాడండి. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగినప్పుడు, ఎందుకు అడుగుతోందో తెలియకపోతే ఇవ్వకండి.

2.3 విండోస్ సెక్యూరిటీ: ‘రియల్ టైమ్ ప్రొటెక్షన్’ ఆన్‌లో ఉందో లేదో చూడండి. దాన్ని ఆపితేనే పనిచేస్తానన్న సాఫ్ట్‌వేర్‌ను వేసుకోకపోవడమే మంచిది.

2.4 ఫైలు పేరు చివరి భాగం: ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ ఎంచుకోండి. అప్పుడు ‘హాల్‌టికెట్.పీడీఎఫ్’ లాగా కనబడేది నిజానికి ‘హాల్‌టికెట్.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ’ అని బయటపడుతుంది. అది పత్రం కాదు, ప్రోగ్రాం. తెరవకూడదు.

3. పెన్‌డ్రైవ్‌తో జాగ్రత్త
అసైన్‌మెంట్ ప్రింటు కోసం మీరు జిరాక్స్ షాపుకు పెన్‌డ్రైవ్ తీసుకెళ్తారు. రోజంతా ఎందరి పెన్‌డ్రైవ్‌లో తగిలే కంప్యూటర్ అది. ఇంట్లో ‘ఆటోప్లే’ ఆపి ఉంచండి. పెన్‌డ్రైవ్‌ను తెరవకముందే స్కాన్ చేయండి.

ఒకసారి నా ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారి కనిపించాయి. కంగారులో పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేశాను. ఇలాంటి వైరస్ సాధారణంగా ఫైళ్లను చెరపదు, దాచిపెడుతుంది. ‘హిడెన్ ఐటెమ్స్’ ఎంచుకుని ఉంటే బహుశా కనబడేవి. నాలుగు నెలలు రాసుకున్న పాఠాలను నేనే చెరిపేసుకున్నాను. మీరు ఆ పొరపాటు చేయకండి.

4. నకలు
ఏ అమరికా నూటికి నూరుపాళ్లు కాపాడదు. భూమి కాగితాలు, మార్కుల జాబితాలు, ఫొటోలు వారానికోసారి వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని కంప్యూటర్ నుంచి విడదీసి ఉంచండి. తగిలించే ఉంచితే దానికీ తాళం పడుతుంది. ఎవరైనా డబ్బు అడిగితే ఇంటర్నెట్ ఆపివేయండి. చెల్లించినా ఫైళ్లు వస్తాయన్న హామీ లేదు. మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

5. సారాంశం
అప్‌డేట్ దారి మూస్తుంది, స్టాండర్డ్ ఖాతా నష్టాన్ని తగ్గిస్తుంది, విడిగా ఉంచిన నకలు పోయినదాన్ని తిరిగి ఇస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. అప్‌డేట్ విడుదలైన తరువాత కూడా వానాక్రై ఎలా వ్యాపించగలిగింది?
2. నకలు ఉన్న డిస్క్‌ను ఎందుకు విడదీసి ఉంచాలి?
3. మీ కంప్యూటర్‌లో చివరి అప్‌డేట్ ఏ తేదీన జరిగిందో చూసి రాయండి.