క్యాడ్ సాఫ్ట్‌వేర్: మారిన పనిముట్లు, మారిన లైసెన్సులు

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 పనిముట్లలో వచ్చిన మార్పులు
7.3 లైసెన్సు – అర్థం, రకాలు
7.4 శాశ్వత లైసెన్సు నుంచి చందాకు
7.5 ఫైలు రూపం
7.6 చట్టం, విద్యార్థి లైసెన్సు
7.7 ఎంపికలో పరిశీలించవలసిన అంశాలు
7.8 సారాంశం
7.9 నమూనా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• క్యాడ్ పనిముట్లు దశలవారీగా ఎలా మారాయో వివరించగలుగుతారు.
• లైసెన్సు రకాల మధ్య భేదాలను గుర్తించగలుగుతారు.
• చందా పద్ధతి వల్ల చిన్న కార్యాలయాలపై పడే ప్రభావాన్ని లెక్కగట్టగలుగుతారు.
• మీ డ్రాయింగులను కాపాడుకునే మార్గాలను చెప్పగలుగుతారు.

7.1 పరిచయం

ఇల్లు కట్టుకునేవారు ముందుగా ప్లాను గీయించుకోవడానికి డ్రాఫ్ట్స్‌మన్ దగ్గరకు వెళతారు. ఒకప్పుడు ఆయన బల్లమీద డ్రాయింగ్ బోర్డు, టీ-స్క్వేరు, సెట్‌స్క్వేర్లు, ట్రేసింగ్ పేపరు ఉండేవి. ఒకసారి కొన్న టీ-స్క్వేరు విరిగేదాకా ఆయనదే. దానికి ఏటా డబ్బు కట్టనవసరం లేదు. కట్టనంత మాత్రాన పాత ప్లాన్లు బీరువాలోంచి మాయమయ్యేవీ కావు.

నేడు ఆ స్థానంలో కంప్యూటర్ సహాయక రూపకల్పన, అంటే క్యాడ్ సాఫ్ట్‌వేర్ ఉంది. పని వేగం, కచ్చితత్వం ఎంతో పెరిగాయి. కాని పనిముట్టుకూ పనివాడికీ ఉన్న సంబంధం మారింది. ఆ మార్పును ఆటోక్యాడ్ ఉదాహరణగా ఈ భాగంలో పరిశీలిద్దాం.

7.2 పనిముట్లలో వచ్చిన మార్పులు

1963లో అమెరికాలోని ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామును రూపొందించాడు. లైట్ పెన్నుతో తెరమీద నేరుగా గీయడం దాని ప్రత్యేకత. ఆ తరవాత చాలాకాలం క్యాడ్ ఖరీదైన పెద్ద యంత్రాలకే పరిమితమై, ముఖ్యంగా విమాన, కార్ల తయారీ సంస్థల చేతిలో ఉండేది. 1982లో ఆటోడెస్క్ సంస్థ వ్యక్తిగత కంప్యూటర్లపై నడిచే ఆటోక్యాడ్‌ను విడుదల చేయడంతో చిన్న కార్యాలయాలకు కూడా క్యాడ్ అందుబాటులోకి రాసాగింది.

ఆ తరవాతి మార్పులను నాలుగు దశలుగా చూడవచ్చు.

అ) గీతల దశ: కమాండ్ టైపు చేసి గీత, వృత్తం, చాపం గీయడం. గోడలు, తలుపులు, కొలతలు వేర్వేరు లేయర్లలో ఉంచడం. పదేపదే వచ్చే తలుపు, కిటికీ వంటి వాటిని బ్లాకులుగా దాచుకోవడం.

ఆ) స్వయంచాలక దశ: 1986లో ఆటోలిస్ప్ భాష వచ్చింది. మెట్ల కొలతలు ఇస్తే మెట్లన్నీ తానే గీసే చిన్న ప్రోగ్రాములను వినియోగదారే రాసుకునే వీలు కలిగింది.

ఇ) సంబంధాల దశ: 2006 వెర్షన్‌లో డైనమిక్ బ్లాకులు వచ్చాయి. ఒకే తలుపు బ్లాకును లాగి వెడల్పు మార్చుకోవచ్చు. 2009 వెర్షన్‌లో రిబ్బన్ మెనూ, 2010 వెర్షన్‌లో పారామెట్రిక్ నిబంధనలు చేరాయి. రెండు గీతలు ఎప్పుడూ సమాంతరంగానే ఉండాలని నిర్దేశిస్తే, ఒకదాన్ని తిప్పినప్పుడు రెండోదీ తిరుగుతుంది.

ఈ) కలయిక దశ: అంతకుముందు విడి ఉత్పత్తులుగా అమ్మిన ఆర్కిటెక్చర్, మెకానికల్, ఎలక్ట్రికల్ పరికరాలను 2019 వెర్షన్ నుంచి ఆటోక్యాడ్ చందాలోనే కలిపారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. 1993లో తక్కువ ధరకు ఆటోక్యాడ్ ఎల్‌టీ వచ్చింది. అందులో ఆటోలిస్ప్ లేదు. 2024 వెర్షన్‌లో గాని దానికి ఆ సౌకర్యం దక్కలేదు. అంటే మన చేతికి ఏ పనిముట్టు వస్తుందో సాంకేతికత ఒక్కటే నిర్ణయించదు. మనం కొన్న లైసెన్సు కూడా నిర్ణయిస్తుంది.

7.3 లైసెన్సు – అర్థం, రకాలు

సాఫ్ట్‌వేర్ కొన్నామంటే దాని యాజమాన్యం కొన్నామని అర్థం కాదు. కాపీరైట్ తయారీదారు దగ్గరే ఉంటుంది. కొన్ని షరతులకు లోబడి వాడుకునే హక్కు మాత్రమే మనకు వస్తుంది. ఆ హక్కు పత్రమే లైసెన్సు. ముఖ్యమైన రకాలు:

1. శాశ్వత లైసెన్సు: ఒకసారి చెల్లిస్తే ఆ వెర్షన్‌ను గడువు లేకుండా వాడుకోవచ్చు.
2. చందా లైసెన్సు: చెల్లించిన కాలానికే హక్కు.
3. నెట్‌వర్క్ లైసెన్సు: కార్యాలయంలో ఒకేసారి నిర్ణీత సంఖ్యలో ఎవరైనా వాడుకోవచ్చు.
4. పేరుపై లైసెన్సు: ఒక్కో వ్యక్తికి ఒక్కో చందా.
5. విద్యా లైసెన్సు: చదువుకు మాత్రమే.
6. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు: వాడటానికి, పరిశీలించడానికి, మార్చడానికి, పంచడానికి అనుమతి.

7.4 శాశ్వత లైసెన్సు నుంచి చందాకు

ఆటోడెస్క్ తన విడి ఉత్పత్తులలో చాలావాటికి కొత్త శాశ్వత లైసెన్సుల అమ్మకాన్ని 2016 జనవరి 31తో ఆపివేసింది. అంతకుముందు కొన్నవారి హక్కు పోలేదు. అయితే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌పై పాత వెర్షన్ పనిచేస్తుందన్న భరోసా లేదు.

చందా వల్ల తయారీదారుకు స్థిరమైన ఆదాయం వస్తుంది. వాడుకరికి మొదట పెట్టవలసిన పెద్ద మొత్తం తప్పుతుంది, కొత్త వెర్షన్లు ఎప్పటికప్పుడు అందుతాయి. నష్టం ఎక్కడుందో లెక్క వేసి చూద్దాం. ఇవి మార్కెట్ ధరలు కావు, లెక్క కోసం తీసుకున్న అంకెలు మాత్రమే. శాశ్వత లైసెన్సు 1,20,000 రూపాయలు, చందా ఏడాదికి 30,000 రూపాయలు అనుకుందాం. నాలుగేళ్ళకు రెండు ఖర్చులూ సమానమవుతాయి. పదేళ్ళకు చందా 3,00,000 అవుతుంది. రెండేళ్ళ ప్రాజెక్టు ఉన్నవారికి చందా లాభం. ముప్ఫై ఏళ్ళు అదే వృత్తిలో, పెద్దగా కొత్త సౌకర్యాలు అవసరం లేకుండా పనిచేసేవారికి అది భారం.

2020లో ఆటోడెస్క్ నెట్‌వర్క్ లైసెన్సుల స్థానంలో పేరుపై లైసెన్సులను ప్రవేశపెట్టడం మొదలుపెట్టింది. ఆరుగురు ఉన్న కార్యాలయంలో ఒకే సమయంలో ముగ్గురే గీస్తారనుకోండి. పాత పద్ధతిలో మూడు లైసెన్సులు చాలు. కొత్త పద్ధతిలో ఆరుగురికీ ఆరు కావాలి. మార్పు సమయంలో ఒక నెట్‌వర్క్ చందాకు రెండు పేరుపై చందాలు ఇచ్చే ఏర్పాటు చేశారు. ఇద్దరికన్నా ఎక్కువమంది ఒక లైసెన్సును పంచుకునే చోట అదీ చాలదు.

ఉచితంగా దొరికేవన్నీ శాశ్వతం అనుకోవడమూ పొరపాటే. దసో సంస్థ ఉచితంగా ఇచ్చిన డ్రాఫ్ట్‌సైట్ వెర్షన్ 2019 డిసెంబరు 31తో ముగిసింది. ఆటోడెస్క్ ఫ్యూజన్ 360 వ్యక్తిగత ఉచిత వెర్షన్‌లో 2020 అక్టోబరు నుంచి, ఒకేసారి మార్చుకోగల డిజైన్లను పదికి పరిమితం చేశారు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. లిబ్రేక్యాడ్, ఫ్రీక్యాడ్ వంటివి స్వేచ్ఛా లైసెన్సుతో వస్తాయి కాబట్టి ఒకసారి విడుదలైన వెర్షన్‌ను వాడే హక్కును ఎవరూ వెనక్కు తీసుకోలేరు. లిబ్రేక్యాడ్ ద్విమితీయ డ్రాయింగులకు పనికివస్తుంది. త్రిమితీయ రూపకల్పనకు ఉపకరించే ఫ్రీక్యాడ్ 1.0 వెర్షన్ 2024 నవంబరులో విడుదలైంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
ఉచిత సాఫ్ట్‌వేర్‌కూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కూ గల భేదాన్ని మూడు వాక్యాలలో రాయండి.

7.5 ఫైలు రూపం

చందా ముగిస్తే ప్రోగ్రాము తెరుచుకోదు. మన కంప్యూటర్‌లో దాచిన ఫైళ్ళు మాత్రం ఎక్కడికీ పోవు. వాటిని దేనితో తెరవాలన్నదే సమస్య. ఆటోక్యాడ్ సొంత రూపం డీడబ్ల్యూజీ. 2000, 2004, 2007, 2010, 2013, 2018 వెర్షన్లలో ఈ రూపం మారుతూ వచ్చింది. కొత్త రూపంలో దాచిన ఫైలును పాత ప్రోగ్రాము తెరవలేదు. అందుకే అవతలివారి వెర్షన్ తెలుసుకొని, అవసరమైతే పాత రూపంలో సేవ్ చేసి పంపాలి.

ఇతర ప్రోగ్రాములతో మార్పిడికి ఆటోడెస్క్ మొదటినుంచీ డీఎక్స్‌ఎఫ్ రూపాన్ని ఇస్తున్నది. దాని వివరణ బహిరంగంగా లభిస్తుంది. 1998లో ఏర్పడిన ఓపెన్‌డీడబ్ల్యూజీ కూటమి, నేటి ఓపెన్ డిజైన్ అలయన్స్, ఇతర సంస్థలు డీడబ్ల్యూజీ ఫైళ్ళను చదివి రాసేందుకు వీలు కల్పించింది. ముగిసిన ప్రతి పనినీ డీడబ్ల్యూజీతో పాటు డీఎక్స్‌ఎఫ్, పీడీఎఫ్ రూపాలలో కూడా దాచుకోవడం మంచి అలవాటు.

7.6 చట్టం, విద్యార్థి లైసెన్సు

ధర భరించలేక కొందరు దొంగ కాపీలను ఆశ్రయిస్తారు. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాములకు వర్తిస్తుంది. 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌పై వాడటం నేరం. ఏడు రోజుల నుంచి మూడేళ్ళ వరకు జైలు, 50,000 నుంచి 2,00,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. లాభం కోసం, వ్యాపారంలో భాగంగా వాడలేదని రుజువైతే జైలు శిక్ష లేకుండా 50,000 రూపాయలకు మించని జరిమానాతో సరిపెట్టే అధికారం కోర్టుకు ఉంది. సక్రమంగా పొందిన ప్రోగ్రామును నష్టపోకుండా బ్యాకప్ కాపీ తీసుకోవడాన్ని 52వ సెక్షన్ అనుమతిస్తుంది.

అర్హత రుజువు చేసుకున్న విద్యార్థులకు ఆటోడెస్క్ ఏడాది గడువుతో ఉచిత విద్యా లైసెన్సు ఇస్తుంది. అర్హత ఉన్నంతకాలం దాన్ని పునరుద్ధరించుకోవచ్చు. దానితో డబ్బు తీసుకుని ఎవరికీ ప్లాన్లు గీసి ఇవ్వకూడదు. చదువుతూనే సంపాదించే దూరవిద్యా విద్యార్థులు ఈ గీతను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

7.7 ఎంపికలో పరిశీలించవలసిన అంశాలు

• నా పనికి ద్విమితీయ డ్రాయింగు చాలునా, త్రిమితీయం కావాలా?
• ఏడాదిలో ఎన్ని నెలలు వాడతాను?
• నా ఖాతాదారులు, కార్యాలయాలు ఏ ఫైలు రూపం అడుగుతాయి?
• చందా ఆపిన మర్నాడు నా పాత డ్రాయింగులను దేనితో తెరుస్తాను?

చివరి ప్రశ్నకు జవాబు దొరికిన తరవాతనే డబ్బు చెల్లించాలి.

7.8 సారాంశం

క్యాడ్ పనిముట్లు గీతల నుంచి సంబంధాల దాకా ఎదిగాయి. లైసెన్సు మాత్రం సొంతం నుంచి అద్దెకు మారింది. అద్దె అందరికీ నష్టమూ కాదు, అందరికీ లాభమూ కాదు. వాడే కాలం, వాడేవారి సంఖ్య దాన్ని నిర్ణయిస్తాయి. పనిముట్టు అద్దెదైనా డ్రాయింగు మన శ్రమ. దాన్ని పలు ప్రోగ్రాములు చదవగల రూపంలో భద్రపరచుకోవడం మన చేతిలోనే ఉంది.

7.9 నమూనా ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబు రాయండి.
1. శాశ్వత, చందా లైసెన్సులను పోల్చండి.
2. డీడబ్ల్యూజీ వెర్షన్ల మార్పు వల్ల వచ్చే సమస్యలేవి?

ఆ) కింది ప్రశ్నకు ముప్ఫై వాక్యాలలో జవాబు రాయండి.
1. నలుగురు పనిచేసే డ్రాయింగ్ కార్యాలయానికి క్యాడ్ సాఫ్ట్‌వేర్ ఎంపికలో మీరిచ్చే సలహాను కారణాలతో వివరించండి.