కుండీలోని వేళ్ళకు గాలి

విజయనగరం జిల్లా రాజాంలో వానాకాలమున, మన్ను నీటితో నిండియుండియు కుండీలలోని మొక్కలు వాడిపోవుట కద్దు. దాహమనుకొని మరింత నీరు పోసిన మొక్క చచ్చును. కారణమేమి? వేళ్ళకును ప్రాణవాయువు కావలెను. అది గాలిలోకంటె నీటిలో సుమారు 10,000 రెట్లు మెల్లగా వ్యాపించును.

అడుగున గులకరాళ్ళు పరచిన నీరు దిగునని పలువురి నమ్మకము. కాని మన్ను పూర్తిగా నానువరకు దాని సన్నని సందులు నీటిని రాళ్ళలోనికి విడువవు. తడిపొర వేళ్ళకు మరింత దగ్గరగును.

తడిపిన స్పాంజిని బల్లపరుపుగా పట్టుకొనుడు. నీరు కారుట ఆగినపిదప నిలువుగా త్రిప్పుడు, మరికొంత కారును. లోతైన కుండీ మేలగుట ఇందువలననే.

కావున మన్నంతటిలోను ముతక ఇసుకను, మిల్లు ఊకను మాడ్చిన బొగ్గును సమృద్ధిగా కలుపవలెను. సన్నని ఇసుక సందులను పూడ్చును. అడుగు రంధ్రముపై పెంకుముక్క బోర్లించిన చాలును.